ఆదివారం పరుగెత్తనన్న ఎరిక్ లిడ్డెల్ - పారిస్ తర్వాత ఆయన ఏం చేశాడు?

తెనాలి_శాంతి:
అందరికీ వందనాలండీ. మా చర్చిలో సండే స్కూల్ పెద్ద పిల్లలకి, అంటే 8, 9, 10 క్లాసుల వాళ్ళకి, నేను పాఠం చెప్తుంటాను. వచ్చే యూత్ మీటింగ్ లో స్కాట్లాండ్ రన్నర్ ఎరిక్ లిడ్డెల్ గురించి మాట్లాడమన్నారు పాస్టర్ గారు. నాకు తెలిసిందంతా చిన్నప్పటి నుంచి ప్రసంగాల్లో విన్నదే. 1924 పారిస్ ఒలింపిక్స్ కి ఓడ ఎక్కుతుంటే 100 మీటర్ల హీట్స్ (తొలి రౌండ్ పరుగులు) ఆదివారం అని తెలిసిందట, ఆదివారం ప్రభువు దినం, నేను పరుగెత్తను అన్నాడట, బ్రిటన్ యువరాజు వచ్చి బతిమాలినా వినలేదట, అప్పుడు టీమ్ లో ఇంకొకాయన 400 మీటర్లలో తన చోటు ఇచ్చేస్తే అందులో గోల్డ్ కొట్టాడట. అక్కడ అందరూ చప్పట్లు కొడతారు, చివర్లో ఒక్క ముక్క, తర్వాత చైనాకి మిషనరీగా వెళ్ళి అక్కడే చనిపోయాడు, అని ముగించేస్తారు.

మా క్లాసులో ఒక అమ్మాయి బాగా పరిగెడుతుంది, ఆ పిల్ల అడిగింది "చైనాలో ఏం చేశాడు ఆంటీ, ఎట్లా చనిపోయాడు" అని. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పైగా ఆ పిల్లకి జిల్లా సెలక్షన్స్ ఆదివారం పడ్డాయి, ఇంట్లో నాన్న వెళ్ళమంటున్నాడు అమ్మ వద్దంటోంది. ఇప్పుడు నేను ఈ కథ చెప్తే ఆ పిల్ల మీద బరువు పెట్టినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది. అసలు ఇందులో నిజంగా జరిగింది ఎంత, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన ఎట్లా బతికాడు, తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_ట్రాక్:
శాంతక్కా, నేను పిల్లలకు అథ్లెటిక్స్ నేర్పిస్త, లిడ్డెల్ అంటె నాకు చానా ఇష్టం, నాకు తెలిసిన పరుగు ముచ్చట చెప్త, చైనా ముచ్చట వేరేటోళ్ళు చెప్తరు.

ముందుగాల ఆ ఓడ కథ వదిలెయ్యి. అది 1981ల వచ్చిన చారియట్స్ ఆఫ్ ఫైర్ సినిమాల పెట్టిన సీను. అసలైతే 100 మీటర్ల హీట్స్ ఆదివారం ఉన్నయని లిడ్డెల్ కు నెలల ముందే తెల్సు. అప్పుడే చెప్పిండు నేను ఉరకనని, 4 ఇంటూ 100 రిలే, 4 ఇంటూ 400 రిలే కూడ అదే కారణానికి వద్దన్నడు. పేపర్లల్ల మస్తు తిట్టిన్రు, దేశం మీద ప్రేమ లేదన్నరు. ఎవ్వరి చోటూ ఎవ్వరు ఇయ్యలే, 400 మీటర్లకు ఆయన సొంతంగనే తయారైండు, టామ్ మెకర్చర్ అనే కోచ్ దగ్గర. నాకు ఇదే గొప్పగ అనిపిస్తది అక్కా. ఓడ మీద ఒక్క రాత్రిల తీసుకున్న నిర్ణయం కాదు, నెలల తరబడి పొద్దున లేచి తనది కాని దూరానికి ప్రాక్టీస్ చేసుకుంట, తిట్లు పడుకుంట నిలబడ్డడు.

తనది కాని దూరం అని ఎందుకంటున్ననంటె, ఆయన అసలు 100 గజాల మనిషి. 1923ల లండన్ స్టాంఫర్డ్ బ్రిడ్జ్ ల 9.7 సెకన్లు కొట్టిండు, ఆ బ్రిటిష్ రికార్డు చానా ఏండ్లు నిలిచింది. అంతకు ముందు స్కాట్లాండ్ తరఫున రగ్బీ 7 మ్యాచులు ఆడిండు. ఒలింపిక్స్ కు కొన్ని వారాల ముందు 440 గజాల రేసు (దాదాపు 400 మీటర్లే) గెలిచిండు గాని టైము 49.6, అది చూసి ఎవ్వరు భయపడలే. 

అక్కడికొచ్చినంక 100 మీటర్లు బ్రిటన్ టీమ్ లనే ఉన్న హెరాల్డ్ అబ్రహామ్స్ గెలిచిండు. 200ల లిడ్డెల్ కు 21.9 సెకన్లతోని మూడో స్థానం. ఇగ జులై 11న 400 ఫైనల్. బయట లేన్ పడ్డది, అంటె ముందటుంటవు, ఎనకొచ్చేటోళ్ళు ఎవ్వరు కనపడరు, నీ లెక్క నువ్వే చూసుకోవాలె. సెమీస్ ల అమెరికా హొరేషియో ఫిచ్ 47.8 కొట్టి ఉన్నడు. అందరు అతనిదే అనుకున్నరు. లిడ్డెల్ ఏం చేసిండంటె తుపాకి పేలంగనే 200 మీటర్ల రేసు లెక్క ఉరికిండు, సగం దూరం 22.2 సెకన్లల్ల దాటిండు. చూడు, 200 ఫైనల్ ల మూడో స్థానం తెచ్చిన టైము కంటె ఇది జరంత ఎక్కువ అంతే, ఇంక 200 మిగిలున్నది! నా దగ్గర ఏ పిల్లగాడన్న అట్ల ఉరికితె నేనే అరుస్త, లాస్ట్ స్ట్రెయిట్ ల కాళ్ళు రాయి అయితయిరా అని. ఆయన తల ఎనకకు వాల్చి, నోరు తెరిచి, చేతులు గాలిల కొట్టుకుంట ఉరుకుతడు, ఏ కోచ్ నేర్పని స్టైల్ అది. ఆఖరికి 47.6. ఒలింపిక్ రికార్డు. ఫిచ్ 48.4, బ్రిటన్ గై బట్లర్ 48.6. ఆ రోజుల్ల స్టార్టింగ్ బ్లాకులు లెవ్వు, బొగ్గుపొడి ట్రాక్ ల చిన్న పార తోని గుంటలు తీస్కోని అందుల కాలు పెట్టి స్టార్ట్ తీసుకునుడే.

ఇంకొకటి, రేసు రోజు పొద్దున ఎవరో అమెరికన్ రన్నర్ చీటీ ఇచ్చిండని సినిమాల ఉంటది. ఇచ్చింది బ్రిటిష్ టీమ్ మసాజ్ చేసేటాయన. అండ్ల "నన్ను ఘనపరచువారిని నేను ఘనపరచుదును" అనే మాట ఉన్నది, మొదటి సమూయేలు 2వ అధ్యాయం 30వ వచనం. ఆయనను రోజు దగ్గరి నుంచి చూసే మనిషి, కాళ్ళు పిసికేటాయన, ఆ మాట రాసిచ్చిండంటె నాకైతె అది మెడల్ కంటె పెద్దగ అనిపిస్తది.

గోల్డ్ కొట్టినంక వారం తిరగకముందే ఎడిన్‌బరా యూనివర్సిటీల బీఎస్సీ పట్టా తీసుకున్నడు, తలకు ఆకుల కిరీటం పెట్టి భుజాల మీద ఎత్తుకోని ఊరేగించిన్రు. అప్పటికి 22 ఏండ్లు. సంవత్సరం తిరిగేసరికి చైనా రైలెక్కిండు. రన్నర్ లకు అసలైన బలం 25, 26 ఏండ్లకు వస్తది అక్కా, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ అప్పుడు ఆయనకు 26. అది వదులుకున్నడు. ఆదివారం రేసు వదులుకున్నది అందరు చెప్తరు, ఇది ఎవ్వరు చెప్పరు.

కడప_సామ్యేల్:
పైన అన్న బాగా చెప్పినాడు. నేనొక చిన్న మాట కలుపుతా. "నేను పరిగెత్తేటప్పుడు దేవుని సంతోషం నాకు తెలుస్తాది" అని లిడ్డెల్ చెల్లెలితో అన్నట్టు మన వాట్సప్ గ్రూపుల్లో ఫొటో పైన రాసి తిప్పుతాంటారు గదా, అది సినిమా రచయిత రాసిన డైలాగు, లిడ్డెల్ మాట కాదు. ఆ చెల్లెలు జెన్నీ ఆయన్ని పరుగు మానేయమని పోరినట్టు కూడా సినిమాలోనే, నిజానికి ఆమె అట్లా అడ్డం పడలేదు. మీటింగులో ఆ కొటేషన్ వాడొద్దు శాంతమ్మా.

ఇంకోటి, ఆయన్ని పంపించింది లండన్ మిషనరీ సొసైటీ. మన కడప, గుత్తి, జమ్మలమడుగు పక్క పాత చర్చిలు, స్కూళ్ళు, ఆసుపత్రి పెట్టింది వాళ్ళే, అంతకు ముందే 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగులోకి సువార్తలు తర్జుమా మొదలుపెట్టింది కూడా ఆ సొసైటీ వాళ్ళే. లిడ్డెల్ నాయన కూడా అదే సొసైటీ మిషనరీ, అందుకే పుట్టడమే చైనాలో పుట్టినాడు, 1902 జనవరి 16న, టియాంజిన్ లో. అంటే ఆయన చైనాకు పోవడం అంటే పుట్టిన ఊరికి పోవడమే. పిల్లలకు ఇది చెప్తే దగ్గరగా అనిపిస్తాది, మన జిల్లాల్లో పని చేసిన దొరల మాదిరే ఆయన కూడా అని.

బెజవాడ_దానియేలు:
శాంతి గారూ, చైనా సంగతి నేను చెప్తాను, కాస్త పొడుగవుతుంది, చదవండి. ఈ మనిషి గురించి మన వాళ్ళు వదిలేసే భాగమే నాకు ముఖ్యం.

1925లో ఎడిన్‌బరా స్టేషన్ దాకా స్టూడెంట్స్ బండి లాక్కుంటూ తీసుకెళ్ళి సాగనంపారు. టియాంజిన్ లో ఆంగ్లో చైనీస్ కాలేజీలో చేరి సైన్స్ చెప్పాడు, ఆటలు నేర్పాడు, సండే స్కూల్ నడిపాడు. పన్నెండేళ్ళ దాకా ఆయన పని ప్రధానంగా ఇదే, ఒక మామూలు మాస్టారి ఉద్యోగం. ఆ ఊళ్ళో మిన్‌యువాన్ స్టేడియం కట్టేటప్పుడు కూడా సాయం చేశాడు. 1932లో సెలవుకి స్కాట్లాండ్ వెళ్ళినప్పుడు పాస్టర్ గా అభిషేకం. 1934లో ఫ్లారెన్స్ మెకెంజీతో పెళ్ళి, ఆవిడ కెనడా మిషనరీల అమ్మాయి, నర్సు చదువు చదివింది.

1937లో జపాన్ చైనా మీద యుద్ధం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆయన కాలేజీ వదిలి షియావోచాంగ్ అనే పల్లెటూరి మిషన్ స్టేషన్ కి వెళ్ళాడు. అక్కడ ఆసుపత్రిలో వాళ్ళ అన్న రాబ్ డాక్టరు. భార్యాపిల్లల్ని తీసుకెళ్ళే పరిస్థితి లేదు, వాళ్ళని టియాంజిన్ లోనే ఉంచాడు. చుట్టూ ఒక పక్క జపాన్ సైన్యం, ఇంకో పక్క గెరిల్లాలు, మధ్యలో కరువు. సైకిల్ మీద, కాలినడకన ఊళ్ళు తిరిగేవాడు, దారిలో సోదాలు, తుపాకులు.

ఒకసారి ఒక పాడుబడ్డ గుడిలో గాయపడ్డవాడు పడి ఉన్నాడని తెలిసింది. జపాన్ వాళ్ళకి తెలిస్తే చంపేస్తారని ఊళ్ళోవాళ్ళు ఇంట్లో పెట్టుకోలేకపోయారు. లిడ్డెల్ బండి కట్టించుకొని వెళ్ళాడు. తిరుగు దారిలో ఇంకొకడి సంగతి తెలిసింది, సైనికాధికారి కత్తితో మెడ నరకబోతే పూర్తిగా తెగక బతికిపోయినవాడు. ఇద్దర్నీ ఆ బండి మీదే ఆసుపత్రికి చేర్చాడు. మొదటివాడు దక్కలేదు. మెడ మీద వేటు పడ్డవాడు బతికాడు, అతను చిత్రకారుడు, తర్వాత ప్రభువుని నమ్ముకున్నాడు, కృతజ్ఞతగా బొమ్మలు గీసి ఇచ్చాడు. పిల్లలకి పారిస్ రేసు పది నిమిషాలు చెప్తే ఈ బండి ప్రయాణం ఇరవై నిమిషాలు చెప్పండి, నా అభిప్రాయం అది. రేసు చూడ్డానికి స్టేడియం నిండా జనం ఉన్నారు, ఈ బండి తోలుకెళ్ళేటప్పుడు చూసి మెచ్చుకునేవాళ్ళెవరూ లేరు, సైనికులకి దొరికితే ప్రాణం పోయేది.

1941లో జపాన్ వాళ్ళు ఆ మిషన్ స్టేషన్ మూయించారు. బ్రిటిష్ ప్రభుత్వం అందర్నీ వెళ్ళిపొమ్మంది. ఫ్లారెన్స్ అప్పుడు కడుపుతో ఉంది, ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకొని కెనడా వెళ్ళింది. తను పని వదిలి రాలేనని ఉండిపోయాడు. మూడో కూతురు మౌరీన్ టొరంటోలో పుట్టింది, ఆ పాపని ఆయన ఎప్పుడూ చూడలేదు.

1943 మార్చిలో శత్రుదేశాల పౌరులని చెప్పి జపాన్ వాళ్ళు ఆయన్ని వెయిషియెన్ క్యాంపులో పెట్టారు, ఇప్పటి వెయిఫాంగ్, షాన్‌డాంగ్ రాష్ట్రంలో. అది అంతకు ముందు ఒక మిషన్ కాంపౌండే. గోడల మధ్య పదిహేను వందలకి పైగా జనం, వ్యాపారులు, మిషనరీలు, నన్స్, జాజ్ వాయించేవాళ్ళు, అందరూ. తిండి చాలదు, నీళ్ళు తోడాలి, మరుగుదొడ్లు కడగాలి. మిషనరీలు కూడా గది కోసం రొట్టె కోసం పోట్లాడుకున్నారు, ఇది ఆ క్యాంపులో ఉన్నవాళ్ళే తర్వాత రాశారు. అదే వాళ్ళు లిడ్డెల్ గురించి రాసేటప్పుడు మాత్రం ఒక్క చెడ్డ మాట రాయలేదు. చెఫూ అనే మిషనరీ పిల్లల స్కూలు మొత్తం ఆ క్యాంపులోనే ఉంది, ఆ పిల్లల అమ్మానాన్నలు ఎక్కడో దూరంగా. వాళ్ళకి ఈయన అంకుల్ ఎరిక్. ల్యాబ్ లేదు కాబట్టి కెమిస్ట్రీ పరికరాలన్నీ గుర్తు మీద బొమ్మలు గీసి పాఠం చెప్పాడు. హాకీ కర్రలు విరిగితే దుప్పటి గుడ్డలు చింపి చుట్టి బాగుచేసేవాడు. సాయంత్రాలు కుర్రాళ్ళతో చదరంగం ఆడుతూ కూర్చునేవాడు. తెల్లారకముందే లేచి వేరుశెనగ నూనె దీపం పెట్టుకొని, పక్కనున్నాయనతో కలిసి బైబిల్ చదువుకొని ప్రార్థన చేసేవాడు.

స్టీవెన్ మెట్‌కాఫ్ అని ఒక కుర్రాడు ఉండేవాడు ఆ స్కూల్లో. "మీ శత్రువులను ప్రేమించుడి, మిమ్మును హింసించు వారికొరకు ప్రార్థన చేయుడి" అన్న వాక్యం మీద పిల్లలు వాదించారు, కాపలా ఉన్న జపాన్ సైనికుల్ని ఎట్లా ప్రేమిస్తాం అని. ప్రేమ తర్వాత, ముందు వాళ్ళ కోసం ప్రార్థన మొదలుపెట్టండి అన్నాడు లిడ్డెల్. చలికాలంలో ఆ కుర్రాడి బూట్లు అరిగిపోతే తన రన్నింగ్ షూస్ ఇచ్చేశాడు, చనిపోవడానికి కొన్ని వారాల ముందు. ఆ అబ్బాయి పెద్దవాడై మిషనరీగా ఏ దేశం వెళ్ళాడో తెలుసా, జపాన్. దశాబ్దాల పాటు అక్కడే పని చేశాడు.

ఎట్లా చనిపోయాడు అని ఆ పాప అడిగింది కదా. తలనొప్పులు వచ్చేవి, నీరసం, మనసు దిగులుగా ఉండేది, పని ఎక్కువై నరాలు అలిసిపోయాయి అనుకున్నారు. 1945 ఫిబ్రవరి 21న భార్యకి ఉత్తరం పంపాడు, బాధ్యతలు మరీ ఎక్కువయ్యాయి, ఇప్పుడు నయంగా ఉంది, డాక్టరు పాఠాలూ ఆటలూ మానేసి రొట్టెలు కాల్చే పని లాంటిదేదైనా చేయమంటున్నాడు అని. ఆ రోజే పోయాడు. తర్వాత చూస్తే మెదడులో గడ్డ. 43 ఏళ్ళు. ఇంకో ఆరు నెలలు గడవకముందే ఆగస్టులో అమెరికన్ సైనికులు పారాచూట్లతో దిగి ఆ క్యాంపుని విడిపించారు.

తెనాలి_శాంతి:
దానియేలు గారూ చదువుతుంటే కన్నీళ్ళు ఆగలేదండి. ఓరుగల్లు తమ్ముడికీ సామ్యేలు గారికీ కూడా థాంక్స్. కానీ నా అసలు భయం అట్లాగే ఉంది. ఆదివారం సంగతి ఆ పిల్లకి ఏమని చెప్పను? లిడ్డెల్ కథ విన్నాక వాళ్ళమ్మ ఇదిగో చూడు అంటుంది.

బెజవాడ_దానియేలు:
దీనికి కూడా ఆ క్యాంపులోనే ఒక సంగతి ఉందండి, నేను కావాలనే పైన రాయలేదు, విడిగా చెప్దామని. క్యాంపులో ఆదివారం పిల్లలకి ఆటలు ఉండకూడదని నియమం, లిడ్డెల్ కూడా అదే మాట మీద ఉన్నాడు. కానీ కుర్రాళ్ళకి ఏమీ తోచేది కాదు, వాళ్ళంతట వాళ్ళే ఒక ఆదివారం మగపిల్లలు ఆడపిల్లలు రెండు టీములుగా హాకీ మొదలుపెట్టారు, రెఫరీ లేడు, చివరికి కొట్లాట అయింది. తర్వాతి ఆదివారం రెఫరీగా గ్రౌండ్ లోకి వచ్చింది లిడ్డెలే! ఒలింపిక్ గోల్డ్ పోతుందన్నా ఆదివారం పరుగెత్తని మనిషి, పిల్లలు కొట్టుకోకుండా ఉండాలని ఆదివారం విజిల్ ఊదాడు.

తన మీద పెట్టుకున్న నియమాన్ని తన కోసం ఎప్పుడూ సడలించుకోలేదు, పక్కవాడి అవసరం దగ్గర దాన్ని పట్టుకుని కూర్చోలేదు, నేను ఆయన్ని ఇట్లా అర్థం చేసుకున్నాను. పారిస్ లో కూడా ఆదివారం పరుగెత్తిన తోటి ఆటగాళ్ళని ఒక్క మాట అనలేదు. "విశ్రాంతిదినమును పరిశుద్ధముగా ఆచరించుటకు జ్ఞాపకముంచుకొనుము" అన్న ఆజ్ఞ ఆయన మనస్సాక్షికి తగిలింది, 22 ఏళ్ళ వయసులో తన సొంతంగా తీసుకున్న నిర్ణయం. మీ క్లాసులో పిల్లకి 14, 15 ఉంటాయేమో. అమ్మ నిర్ణయమో నాన్న నిర్ణయమో ఆ పిల్ల నెత్తిన పెట్టడానికి లిడ్డెల్ ని వాడుకోవడం ఆయనకే అన్యాయం. మీటింగులో చెప్పకముందే అమ్మాయినీ అమ్మానాన్నల్నీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి, పాస్టర్ గారిని కూడా పిలవండి. మీటింగులో మాత్రం రెండు ఆదివారాలూ చెప్పండి, పారిస్ ఆదివారం, వెయిషియెన్ ఆదివారం. ఒకటి చెప్పి ఒకటి దాచొద్దు.

ఓరుగల్లు_ట్రాక్:
దానియేలన్నా ఆ హాకీ ముచ్చట నాకు తెల్వదు, మంచిగ చెప్పినవ్. అక్కా, సెలక్షన్స్ సంగతి నేనొకటి చెప్త. జిల్లా అసోసియేషన్ సెక్రటరీని ముందే అడుగున్రి, ఆ పిల్ల ఈవెంట్ ఏ టైముకు ఉన్నదని. ఒక్కోసారి పొద్దున ఆరాధన అయినంక పోయినా అందుతది, ఒక్కోసారి ముందు రోజు ట్రయల్ పెట్టమంటె పెడ్తరు. అడగకుండనే ఇంట్ల కొట్లాడుకునుడు ఎందుకు.

ఇంకొకటి యాదికొచ్చింది. 1980 మాస్కోల స్కాట్లాండ్ ఆయన ఆలన్ వెల్స్ 100 మీటర్ల గోల్డ్ కొట్టిండు. 1924ల అబ్రహామ్స్ తర్వాత బ్రిటన్ కు 100ల మళ్ళ వచ్చిన గోల్డ్ అది. అబ్రహామ్స్ కోసం గెలిచినవా అని అడిగితె, కాదు, ఎరిక్ లిడ్డెల్ కోసం అన్నడు. 

నర్సాపురం_రూతు:
అందరూ చెప్పేశారండి, ఒక్క ఫ్లారెన్స్ గారి గురించే ఎవరూ పెద్దగా చెప్పలేదు, నేను చెప్తాను. శాంతి గారూ, ఆడపిల్లలున్న క్లాసు కదా, ఆవిడ గురించి కూడా చెప్పండి. 1941లో విడిపోయాక ఆ మొగుడూ పెళ్ళాలు మళ్ళీ కలుసుకోలేదండి. క్యాంపులోంచి రెడ్‌క్రాస్ ద్వారా వచ్చే కబురు 25 మాటలు మించకూడదు, అది కూడా నెలల తరబడి తిరిగి తిరిగి వచ్చేది. ఆయన ఫిబ్రవరిలో పోతే ఆ వార్త టొరంటో చేరేసరికి మే నెల వచ్చేసింది, ఆ మధ్యకాలం అంతా యుద్ధం అయిపోవచ్చింది ఇంక వచ్చేస్తారు అనే అనుకున్నారు ఇంట్లో. పెద్దమ్మాయి పట్రీషియా, రెండోది హెదర్, మూడోది మౌరీన్, ముగ్గురినీ పెంచడానికి ఆవిడ మళ్ళీ నర్సు ఉద్యోగానికి వెళ్ళింది. కొన్నేళ్ళకి ఇంకో పెళ్ళి చేసుకుంది, ఇది మన దగ్గర చెప్పడానికి మొహమాటపడతారు కానీ దాయక్కర్లేదండి, ఆవిడ ధైర్యంగా బతికింది. 

ఆయన్ని పాతిపెట్టిన చోటు చాలా ఏళ్ళు గుర్తు లేకుండా ఉండిపోయింది. 1991లో ఎడిన్‌బరా యూనివర్సిటీ వాళ్ళు స్కాట్లాండ్ లో మల్ అనే దీవి నుంచి గ్రానైట్ రాయి తెప్పించి వెయిఫాంగ్ లో ఆ క్యాంపు ఉన్న చోట నిలబెట్టారు. ఆ రాయి ఫొటో నెట్ లో దొరుకుతుంది, మీటింగులో ప్రొజెక్టర్ ఉంటే చూపించండి.